మాటకు చోటివ్వండి

*ఏబీసీడీలన్నీ చెబుతాడు, అమ్మా అని మాత్రం పిలవడు. ఇలాంటి పిల్లలున్న ఇళ్లు ఇప్పుడు ప్రతి వీధిలో కనిపిస్తున్నాయి. ఆ తల్లిదండ్రులు చివరికి తట్టే తలుపు స్పీచ్ థెరపిస్టుది. లోపల ఏం జరుగుతుంది?*

సబ్బు బుడగల సీసా మూత తీసి థెరపిస్టు ఒక్కసారి ఊదారు. గదంతా బుడగలు. రెండున్నరేళ్ల బాబు వాటి వెంట పరుగెత్తాడు, ఒకదాన్ని వేలితో పొడిచి పకపకా నవ్వాడు. అంతలో ఆమె మూత గట్టిగా బిగించి సీసాను చాప మీద పెట్టేశారు. ఇక ఏమీ చేయలేదు, కూర్చున్నారంతే. వాడు మూత తిప్పబోయాడు, రాలేదు. సీసా తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు. ఆమె కదల్లేదు. గోడవారన కుర్చీలో ఉన్న తల్లి ఉండబట్టలేక ‘బబుల్ అను నాన్నా... బబుల్...’ అని అందిస్తుంటే, థెరపిస్టు అటు చూడకుండానే చేత్తో వారించారు. నాలుగు క్షణాలు... ఐదు... ఆరు... వాడు తలెత్తి మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. రెండు పెదాలూ కలిపి ‘బ’ అన్నాడు. వెంటనే మూత ఊడింది, మళ్లీ గదంతా బుడగలు.

హైదరాబాద్ కానీ, విజయవాడ కానీ, వరంగల్ కానీ, చిన్నపిల్లల స్పీచ్ థెరపీ గదిలో కాసేపు కూర్చుంటే ఇలాంటివే కనిపిస్తాయి. డబ్బులిచ్చి బుడగలు ఊదించుకోవడమేంటని బయట బెంచీ మీద తాతయ్యలు గొణుక్కోవడమూ మామూలే. కానీ ఆ ఆరు క్షణాల్లో చాలా జరిగింది. బాబుకు ఒకటి కావాల్సి వచ్చింది. అది తన చేత కాదని, ఎదుటి మనిషి చేత అవుతుందని తెలిసింది. ఆ మనిషి కళ్లలోకి చూశాడు, నోటితో ఓ శబ్దం చేశాడు, పని జరిగింది. మాట వల్ల పని జరుగుతుందన్న సంగతి వాడికి ఆ రోజు అనుభవంలోకి వచ్చింది.

‘రంగులన్నీ చెప్తాడండీ...’

పెళ్లిళ్లలో, అపార్ట్‌మెంట్ పార్కుల్లో, తల్లుల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య తరచూ వినిపిస్తున్న ప్రశ్న ‘మీవాడికి మాటలొచ్చాయా?’. జవాబు కూడా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. వన్ నుంచి ఫిఫ్టీ దాకా చెప్తాడు, రంగులన్నీ ఇంగ్లిష్‌లో చెప్తాడు, రైమ్స్ మొత్తం పాడతాడు. దాహం వేస్తే మాత్రం చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు.

వల్లించడం వేరు, అడగడం వేరు. ఫోన్‌లోని పాట పిల్లాడి కోసం ఆగదు. వాడు నవ్వినా, వేలు చూపించినా, ‘తా’ అన్నా తన దారిన తాను పోతూనే ఉంటుంది. అమెరికాలోని సియాటిల్‌లో శాస్త్రవేత్త పట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం ఈ తేడాను బాగా పట్టిచ్చింది. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని తొమ్మిది నెలల పిల్లల్ని కొందరిని ఎదురుగా కూర్చోబెట్టి, చైనీస్ మాట్లాడే మనిషి చేత బొమ్మలు చూపిస్తూ, పుస్తకాలు చదివిస్తూ పన్నెండుసార్లు ఆడించారు. మరికొందరికి అదే మనిషిని, అవే మాటల్ని టీవీలో చూపించారు. మొదటి జట్టు పిల్లలు చైనీస్ శబ్దాల తేడాను పట్టుకోగలిగారు. టీవీ చూసినవాళ్లకు ఏమీ పట్టుబడలేదు.

రెండేళ్లలోపు పిల్లలను తెర ముందు కూర్చోబెట్టవద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించనివ్వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అలాగని మాట రాని ప్రతి బిడ్డ విషయంలోనూ తప్పంతా ఫోన్ మీద, ఆ ఫోన్ ఇచ్చిన తల్లి మీద తోసేయడం అన్యాయం. ఇద్దరూ ఉద్యోగాలకు పరుగులు తీసే ఇంట్లో, అవ్వాతాతలు ఊళ్లో ఉండిపోయిన ఇంట్లో, నాలుగు ముద్దలు తినిపించడానికి ఆమెకు దొరికిన ఆసరా అది. పైగా మాట ఆలస్యం కావడానికి వినికిడి లోపం, ఆటిజం, మెదడు ఎదుగుదల నెమ్మదించడం, గ్రహణం మొర్రి లాంటి కారణాలెన్నో ఉంటాయి. ఇవేవీ లేకుండా భాష ఒక్కటే పట్టుబడని పిల్లలూ ఉన్నారు. అమెరికా, బ్రిటన్‌లలో జరిగిన పెద్ద సర్వేలు బడిలో చేరే వయసు పిల్లల్లో ఇలాంటివాళ్లు సుమారు 7 శాతం ఉంటారని తేల్చాయి. క్లాసుకు ఇద్దరు ముగ్గురన్నమాట. వాళ్లలో చాలామంది ‘మొద్దు’ అనిపించుకుని వెనక బెంచీకి చేరుతారు.

ముందు చెవి, తర్వాతే నోరు

అనుభవమున్న థెరపిస్టు మొదట చూసేది నోరు కాదు, చెవి. ఆడియాలజిస్టు రిపోర్టు లేకుండా థెరపీ మొదలుపెట్టరు. ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు చిన్నబుచ్చుకుంటారు. ‘వినపడకపోవడమేంటండీ, తలుపు ధడేలుమంటే తిరిగి చూస్తాడు, కుక్కర్ కూత వేస్తే పరుగెత్తుకొస్తాడు’ అంటారు. తలుపు చప్పుడు పెద్దది, బరువైనది. అది వినిపించే చెవికి స, శ, త లాంటి సన్నని శబ్దాలు అందకపోవచ్చు. అలాంటి బిడ్డకు ‘సీసా’ అన్నా ‘ఈఆ’ అన్నా ఒకటే. జలుబు పట్టి పట్టి చెవి లోపల నీరు చేరిన పిల్లలకు ఒక వారం వినిపించి, ఒక వారం వినిపించక ఈ గందరగోళం ఇంకా ఎక్కువ.

పుట్టుకతో వినికిడి లోపం ఉండేది వెయ్యిమందిలో ఒకరిద్దరికి. నిద్రపోతున్న పసికందు చెవిలో చిన్న మొన పెట్టి నిమిషాల్లో చేసే ఓఏఈ పరీక్షతో అనుమానం తేలిపోతుంది. అందులో తేడా వస్తే నిర్ధారణకు బెరా పరీక్ష చేస్తారు. నెలలోపు తొలి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు. ప్రపంచమంతా పాటించాలని చూసే లెక్క ఇది. మన దగ్గర ప్రసవమై డిశ్చార్జి అయ్యే హడావుడిలో ఈ పరీక్షను అడిగేవాళ్లే తక్కువ.

తీవ్రమైన వినికిడి లోపం ఉన్న పిల్లలకు శబ్దం అందించే పరికరాన్ని అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌కు లక్షల రూపాయలవుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో దీన్ని చేర్చడంతో కూలీల పిల్లలకూ ఆ పరికరం అందింది. కానీ ఆపరేషన్ అయిన మర్నాడే మాటలొస్తాయనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మిషన్ శబ్దాన్ని లోపలికి పంపుతుందంతే. ఆ శబ్దం గిన్నెదో, నాన్నదో, వర్షానిదో బిడ్డకు అప్పుడే పుట్టినంత కొత్త. దాన్ని అర్థంగా మార్చడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు, థెరపీ సాగాలి. మధ్యలో ఊరు దూరమనో, బ్యాటరీ ఖర్చనో మానేస్తే అంత ఖరీదైన పరికరం బీరువాలోకి చేరుతుంది.

> వస కొమ్ము, చిలక కొరికిన జామకాయ
>
> వస: మాటలు త్వరగా రావాలని వస కొమ్ము అరగదీసి నాకించడం మన ఇళ్లలో పాత అలవాటు. అది మాటలు తెప్పిస్తుందనడానికి ఆధారం లేదు. అందులో ఉండే బీటా అసరోన్ ఎలుకల్లో క్యాన్సర్ కలిగించినట్టు తేలడంతో అమెరికా 1968లోనే ఆహారంలో వస వాడకాన్ని నిషేధించింది.
>
> తేనె: ఉంగరంతో నాలుక మీద రాసే తేనె, ఏడాదిలోపు పిల్లలకు బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తేవచ్చు.
>
> నాలుక నరం: నాలుక కింద పొర బిగుసుకుంటే పాలు తాగడం కష్టం కావచ్చు, కొన్ని శబ్దాలు సరిగా పలకకపోవచ్చు. అసలు మాటే రాకపోవడానికి అది కారణం కాదు.
>
> మగపిల్లలు ఆలస్యం: కొంత నిజమే. కానీ ఆ తేడా నెలల్లోనే ఉంటుంది, ఏళ్లలో కాదు.
>
> చిలక కొరికిన జామకాయ: కడిగి పెడితే ఇబ్బంది లేదు. దాన్ని నమ్ముకుని ఏడాది ఎదురుచూడటమే ఇబ్బంది.

ఆట వెనుక లెక్క

మాట కంటే ముందే పిల్లలకు కొన్ని విద్యలు పట్టుబడాలి. చూపు కలపడం, వేలితో చూపించడం, అనుకరించడం, నీ వంతు నా వంతు అని ఆగడం. అందుకే థెరపీ గదిలో తొలి వారాలు దోబూచులాటతో, బంతి దొర్లించడంతో గడుస్తాయి. మన అమ్మమ్మలు చీరకొంగు ముఖాన కప్పుకుని తీసేటప్పుడు చేసింది ఇదే. ఇప్పుడు దాన్ని లెక్కగా, బిడ్డ ఎక్కడ ఆగిపోయాడో చూసి చేస్తారు.

తర్వాతి మెట్టు మాట పెంచడం. బాబు ‘బండి’ అంటే థెరపిస్టు ‘వెరీ గుడ్, మళ్లీ అను’ అనరు. ‘ఎర్ర బండి. బండి వెళ్లింది’ అని వాడి మాటకు ఇంకొకటి తగిలించి వదిలేస్తారు. బిస్కట్ డబ్బా చేతికిచ్చేయకుండా, రెండు చేతుల్లో రెండు పట్టుకుని ‘అరటిపండా? బిస్కట్టా?’ అని అడుగుతారు. కావాలనే పజిల్‌లో ఒక ముక్క దాచేస్తారు. చెంచా లేకుండా గిన్నె ముందు పెడతారు. అడగాల్సిన అవసరం కల్పించడమే ఇందులో కిటుకు.

ఆటిజం ఉన్న పిల్లల దగ్గర ఇంకో రకం చిక్కు ఎదురవుతుంది. పాపకు దాహం వేసింది. అమ్మ దగ్గరికొచ్చి ‘నీకు నీళ్లు కావాలా?’ అంటుంది. అమ్మ రోజూ అడిగే ప్రశ్ననే మొత్తంగా మూటగట్టి తిరిగి ఇస్తోంది పాప. ‘నాకు కాదమ్మా, నీకు’ అని సరిదిద్దబోతే మరింత తికమకపడుతుంది. థెరపిస్టు పాప పక్కన కూర్చుని, పాప తరఫున ‘నాకు నీళ్లు కావాలి’ అంటారు. అనగానే గ్లాసు అందేలా చూస్తారు. అలా పదేపదే జరిగాక ఆ వాక్యం పాపదవుతుంది.

ఉచ్చారణ సంగతి వేరు. రెండేళ్ల బుజ్జిగాడు కృష్ణను ‘కిట్న’ అన్నా, రాజును ‘లాజు’ అన్నా ముద్దే. ర, ళ లాంటివి కుదురుకోవడానికి వ్యవధి పడుతుంది. నాలుగేళ్లు దాటినా కాకిని ‘తాతి’ అనీ, కోతిని ‘తోతి’ అనీ అంటుంటే మాత్రం చూపించాలి. నాలుక వెనక భాగం లేవాల్సిన చోట కొన లేస్తోందన్నమాట. ‘నాలుక వెనక్కి ఎత్తు’ అంటే ఏ పిల్లాడికి అర్థమవుతుంది? అందుకే వెల్లకిలా పడుకోబెడతారు, నాలుక దానంతటదే వెనక్కి జారుతుంది. లేదంటే గుక్కెడు నీళ్లిచ్చి గొంతులో గరగరలాడించమంటారు. క, గ పుట్టేది కూడా ఇంచుమించు ఆ చోటే. ఒకసారి ‘క’ దొరికిందా, ముందు ఒంటిగా, తర్వాత ‘కా’, ‘కాకి’, ఆనక ‘కాకి ఎగిరింది’. చివరిది అన్నిటికంటే కష్టం, ఆటలో పడి మరచిపోయినప్పుడు కూడా ‘కాకి’ అనే రావాలి.

నత్తికి ఇంట్లో అందరూ ఇచ్చే సలహా ‘గాబరాపడకు, మెల్లగా చెప్పు’. రెండు నుంచి ఐదేళ్ల మధ్య నత్తి మొదలైన పిల్లల్లో ఎక్కువమందికి అది పోతుంది. పోయేలోపు ప్రతి వాక్యానికీ ఇలా అడ్డం తగిలితే బిడ్డ నోరు తెరవడమే మానేస్తాడు. పెద్దవాళ్లు తాము నెమ్మదిగా మాట్లాడటం, వాడు ముగించేదాకా వినడం మేలు. ఏడాదికి మించి కొనసాగినా, బిడ్డ బాధపడుతున్నా ఆలస్యం చేయకూడదు.

అసలు శిష్యులు పెద్దవాళ్లే

ఒక చిన్న లెక్క వేద్దాం. వారానికి రెండుసార్లు, ముప్పావు గంట చొప్పున థెరపీ. అంటే గంటన్నర. బిడ్డ మెలకువగా ఉండేది రోజుకు పన్నెండు గంటలనుకున్నా వారానికి 84 గంటలు. మిగతా ఎనభై రెండున్నర గంటలూ ఎవరి దగ్గరుంటాడు? అందుకే మంచి థెరపిస్టు తలుపేసుకుని పాఠం చెప్పరు. తల్లినో తండ్రినో, పిల్లాణ్ని చూసుకునే ఆయమ్మనో చాప మీద కూర్చోబెట్టి చేయిస్తారు. బిడ్డను లోపలికి పంపి పెద్దవాళ్లను బయటే ఉంచి, చివర్లో ‘బాగా చేశాడు’ అని ముక్తసరిగా చెప్పే చోట ఏదో లోపముందనుకోవచ్చు.

పెద్దవాళ్లకు నేర్పడమే కష్టం. మనకు ఆగడం రాదు. బిడ్డ నోరు తెరిచేలోపే వాక్యం పూర్తి చేసేస్తాం, చూపు తిప్పకముందే గ్లాసు అందిస్తాం. ఇక చుట్టాలొస్తే మొదలయ్యే పరీక్ష సరేసరి: ‘ఇదేంటి? అదేంటి? అత్తకు చెప్పు, ఆవు ఎలా అరుస్తుంది?’ ప్రశ్న అంటేనే బిగుసుకుపోయే బిడ్డకు ఇది నోరు కట్టేసే పని. దాని బదులు చేస్తున్న పనిని పలకమంటారు థెరపిస్టులు. ‘చొక్కా విప్పేశాం. నీళ్లు పోద్దాం. అమ్మో, చల్లగా ఉన్నాయి!’ లాలపోసేటప్పుడు, పప్పన్నం కలిపేటప్పుడు, మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు ఇది సాగుతుంది. ప్రత్యేకంగా టైం కేటాయించనక్కర్లేదు, ఖరీదైన బొమ్మలూ అక్కర్లేదు. ఓ మాట అని ఆగాలి. మనసులో పది దాకా లెక్కపెట్టాలి. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించలేనంత పొడవుగా అనిపిస్తుంది.

ఈ పనిలో నాన్నలు ఇంకా వెనకబడే ఉన్నారు. థెరపీ గది బయట బైక్ మీద కూర్చుని ఫోన్ చూసుకునే నాన్నలను చూస్తే, స్క్రీన్ టైం పాఠం ఎవరికి చెప్పాలో అర్థమవుతుంది.

> ఇవి గమనించండి
>
> ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోవడం, బబబ, దదద లాంటి శబ్దాలు చేయకపోవడం, టాటా చెప్పడం, వేలితో చూపించడం లాంటివి లేకపోవడం.
>
> పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోవడం.
>
> రెండేళ్లకు ‘అమ్మ లే’, ‘ఇంకా పాలు’ లాంటి రెండు మాటల జోడింపు సొంతంగా చేయకపోవడం.
>
> మూడేళ్లు దాటినా కొత్తవాళ్లకు బిడ్డ మాటల్లో చాలావరకు అర్థం కాకపోవడం.
>
> ఏ వయసులోనైనా సరే, వచ్చిన మాటలు పోవడం. ఇది కనిపిస్తే ఒక్క వారం కూడా ఆగొద్దు.

ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో చాలామంది మూడు నాలుగేళ్లకల్లా తోటివాళ్లను అందుకుంటారన్నది నిజం. ‘వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే వచ్చాయిలే’ అనే నాయనమ్మ మాట అందుకే సగం ఒప్పు. అందుకునేది ఎవరో, అందుకోలేనిది ఎవరో రెండేళ్ల వయసులో కచ్చితంగా చెప్పే పరీక్ష లేదు. ఇప్పుడే చూపిస్తే పోయేది ఓ పూట. చూపించకపోతే, మెదడు భాషను తేలిగ్గా పట్టే ఏళ్లు పోతాయి.

ఏ భాషలో మాట్లాడాలి?

ఇది మన ఇళ్లలో తరచూ వచ్చే గొడవ. బిడ్డకు మాట రాలేదనగానే ‘రెండు భాషలతో కన్‌ఫ్యూజ్ అవుతున్నాడు, ఒక్క ఇంగ్లిష్‌లోనే మాట్లాడండి’ అని సలహా ఇచ్చేవాళ్లు డాక్టర్లలోనూ, టీచర్లలోనూ ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల భాషా లోపం రాదని పరిశోధనలు స్పష్టంగానే చెబుతున్నాయి. తెలుగు తప్ప మరేదీ ధారాళంగా రాని అమ్మమ్మ, తప్పొప్పుల ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు మాట్లాడి ఊరుకుంటే బిడ్డకు దక్కే మాటలే తగ్గిపోతాయి. కథ పోతుంది, విసుగు పోతుంది, జోకు పోతుంది.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకూ ఈ సలహా ఎదురవుతోంది. అక్కడ మూడేళ్లలోపు పిల్లలకు ప్రభుత్వ ఎర్లీ ఇంటర్వెన్షన్ ద్వారా ఉచితంగా అంచనా వేస్తారు. మూడేళ్ల తర్వాత అర్హత ఉన్నవాళ్లకు పబ్లిక్ స్కూలు ద్వారా థెరపీ ఉచితం. ఇంటి భాషను కూడా లెక్కలోకి తీసుకోమని అడిగే హక్కు తల్లిదండ్రులకుంది. బిడ్డకు ఇంగ్లిష్‌లో ఇరవై, తెలుగులో ముప్పై మాటలొస్తే ఆ యాభైనీ లెక్కించాలి.

ఇటు ఆదిలాబాద్ ఏజెన్సీలో గోండి మాట్లాడే ఇంటి నుంచి తెలుగు బడికొచ్చిన పాప నెలల తరబడి మౌనంగా ఉంటే అది రోగం కాదు, ఆమెకు తెలియని భాషలో పాఠం జరుగుతోందని అర్థం. ఆ పాప ఇంటిదగ్గర ఎలా మాట్లాడుతుందో అడగకుండా చీటీ రాసే థెరపిస్టును నమ్మలేం.

కొందరు పిల్లలకు ఎంత చేసినా నోటిమాట చాలినంతగా రాదు. అలాంటివాళ్లకు బొమ్మల కార్డులు, ట్యాబ్‌లో బొమ్మ నొక్కితే పలికే యాప్‌లు ఇస్తారు. చెన్నైలో తయారైన ఆవాజ్ అలాంటిదే. కార్డులు అలవాటైతే ఇక మాట్లాడడేమోనని తల్లిదండ్రులు జంకుతారు. వీటివల్ల మాట ఆగిపోదు, కొందరికి పెరుగుతుంది కూడా. ‘కడుపునొప్పి’ అని చెప్పుకోలేక తల గోడకేసి కొట్టుకునే బిడ్డ చేతికి ఆ బొమ్మ దొరకడం చిన్న విషయం కాదు.

బోర్డులు ఎక్కువ, నిపుణులు తక్కువ

స్పీచ్ థెరపీ చదువుకు దేశంలో పెద్ద చిరునామా మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, 1965లో మొదలైంది. మనకు దగ్గర్లో అయితే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఏర్పాటైన జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ కూడా అక్కడే ఉంది. డిగ్రీ మూడేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది. చదివినవాళ్లు భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో, పేరు నమోదు చేయించుకోవాలి. నమోదు లేకుండా ప్రాక్టీసు చేయడం నేరమని 1992 చట్టం చెబుతోంది. నూట నలభై కోట్లు దాటిన దేశంలో ఇలా నమోదైనవాళ్లు వేలల్లోనే ఉన్నారు, ఉన్నవాళ్లలో ఎక్కువమంది నగరాల్లోనే.

ఆ ఖాళీని బోర్డులు నింపుతున్నాయి. మెడికల్ షాపు పైన ఒక గది, గోడకు కార్టూన్ బొమ్మలు, ‘మూడు నెలల్లో మాటలు గ్యారంటీ’. మాటకు గ్యారంటీ ఇచ్చేవాళ్ల దగ్గర్నుంచి వెంటనే లేచి వచ్చేయడం మంచిది. ‘వర్చువల్ ఆటిజం’ అని చీటీ రాసి ప్యాకేజీ కట్టించుకునేవాళ్లూ తయారయ్యారు. వైద్య గ్రంథాల్లో అలాంటి నిర్ధారణే లేదు.

> చేరేముందు అడగండి
>
> మీ ఆర్‌సీఐ నంబరు ఎంత? (అడిగితే చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు.)
>
> ముందు వినికిడి పరీక్ష చేయించమంటారా?
>
> మా బిడ్డకు వచ్చే మూడు నెలల్లో మీరు పెట్టుకున్న లక్ష్యాలేంటి? రాసిస్తారా?
>
> థెరపీలో నేనూ కూర్చోవచ్చా? ఇంట్లో ఏం చేయాలో చూపిస్తారా?

డబ్బు లేని ఇంటికి దారి లేదని కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లి పిల్లల్ని చూడాలి. వినికిడి లోపం, భాష ఆలస్యం ఆ పరీక్షల జాబితాలోనే ఉన్నాయి. అనుమానం ఉన్న పిల్లల్ని పంపేందుకే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలను ఉద్దేశించారు. ఆడియాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు అక్కడే ఉండాలన్నది నిబంధన. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో వాక్, భాషా వైకల్యం ఒకటి.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో రెండేళ్లు దాటినా రెండు మాటలు కలపని బిడ్డ ఉంటే, అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పి పేరు రాయించండి, లేదా జిల్లా ఆస్పత్రికి వెళ్లి ఓపీ చీటీ తీసుకుని సత్వర చికిత్సా కేంద్రం ఎక్కడో అడగండి. ముందు చెవి పరీక్ష చేయించండి. థెరపిస్టు పోస్టు ఖాళీగా ఉందని చెబితే అక్కడితో ఊరుకోకండి. ఎప్పుడు భర్తీ చేస్తారని రాతపూర్వకంగా అడగండి.